సవరణ: యూపీఐకి కోత ‘సున్నా’ కాదు

బరంపురం అప్పడాలు అమ్మే మా ఆన్‌లైన్ దుకాణానికి యూపీఐ పెట్టిన సంగతి రాస్తూ, ‘పైసా కోత ఉండదు’ అన్నాను. అది సగమే నిజం. బ్యాంకు ఖాతా నుంచి చేసే యూపీఐ చెల్లింపుకి 2020 జనవరి నుంచి ఎండీఆర్ (కార్డు, యూపీఐ చెల్లింపుల మీద దుకాణదారు నుంచి బ్యాంకులు తీసుకునే రుసుము) లేదు. కానీ గేట్‌వే వాళ్ల (ఆన్‌లైన్ చెల్లింపుని తీసుకుని మా ఖాతాకి చేర్చే కంపెనీ) ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ వేరే. మొన్న 640 రూపాయల ఆర్డరుకి మా ఖాతాలో పడింది 624.90. రెండు శాతం ఫీజు 12.80, జీఎస్టీ 2.30. నేను గమనించనే లేదు, మా ఆవిడ పట్టుకుంది. రూపే క్రెడిట్ కార్డుని యూపీఐకి కలిపి కట్టినా కోత పడొచ్చు. కాబట్టి గేట్‌వేతో ఒప్పందంలో యూపీఐ రేటు విడిగా అడగండి.

ఇంకోటి, కొన్నవాళ్లు పంపే చెల్లింపు స్క్రీన్‌షాట్ చూసి పార్సిల్ కట్టెయ్యమన్నాను. వద్దు. డబ్బు వచ్చినట్టు గేట్‌వే డ్యాష్‌బోర్డులో (మన లావాదేవీలు చూపించే పేజీ) కనిపించాకే కట్టండి.