ఎస్ఎస్‌డీ ధర దిగేదాకా ఆగితే మిగిలేదెంత?

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు. ఆ జాబితాలో ఎస్ఎస్‌డీల్లో (హార్డ్ డిస్క్ బదులు చిప్‌ల మీద ఫైళ్లు దాచే డ్రైవ్‌లు) ఉండే ఫ్లాష్ మెమరీ ధరను కూడా చేర్చుకోవచ్చు. 2022 ఫిబ్రవరిలో జపాన్‌లోని యొక్కైచి, కిటకామి ఫ్యాక్టరీల్లో తయారీకి వాడే పదార్థాలు కలుషితమయ్యాయి. కియోక్సియా, వెస్ట్రన్ డిజిటల్ కంపెనీల ఉమ్మడి ఉత్పత్తి దెబ్బతింది. ఒక్క వెస్ట్రన్ డిజిటలే కనీసం 6.5 ఎక్సాబైట్ల (65 లక్షల టీబీ) ఫ్లాష్ నష్టమని ప్రకటించింది. ఇక ధరలు మండిపోతాయన్న మాట గట్టిగా వినిపించింది. కొన్ని నెలలు తిరిగేసరికి కంప్యూటర్ల గిరాకీ పడిపోయింది, గోదాముల్లో చిప్‌లు పేరుకుపోయాయి, ధరలు కుప్పకూలాయి. నష్టాలు భరించలేక 2023లో శామ్‌సంగ్ సహా తయారీదారులు ఉత్పత్తికి కోత పెట్టారు. ఆ ఏడాది చివరికల్లా ధర మళ్లీ పైకి లేచింది.

2025 చివర్లో ఊపందుకున్న పెరుగుదలకు మూలం వేరు. ఏఐ డేటా సెంటర్లు ఇటు ర్యామ్ చిప్‌లనూ అటు ఫ్లాష్ చిప్‌లనూ పెద్ద మొత్తంలో లాగేసుకుంటున్నాయి. మామూలు వినియోగదారులకు క్రూషియల్ పేరుతో అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. లాభం ఎటుందో తయారీదారులు అటే మొగ్గుతున్నారు. కొత్త ఫ్యాక్టరీ కట్టి చిప్‌లు బయటికి తేవడానికి ఏళ్లు పడుతుంది. కాబట్టి రెండు మూడు నెలలు ఓపిక పడితే చాలు, చవకగా దొరుకుతుందనుకోవడం ఆశే. అలాగని ఉన్నపళంగా పరుగెత్తి కొనమనీ కాదు. ధర ఎటు పోతుందన్న లెక్క పక్కనపెట్టి, మన మెషీన్‌లో ఇప్పుడేముందో చూసుకోవాలి. కొనాలో ఆగాలో తేల్చేది అదే.

విండోస్ ఇంకా హార్డ్ డిస్క్ మీదే నడుస్తుంటే ఆగడంలో అర్థం లేదు. నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్క్‌కు ఒక చుట్టు పూర్తి కావడానికే 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. దానికి హెడ్ కదిలే సమయం తోడైతే, చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లను సెకనుకు వందకు అటూఇటుగానే చదవగలదు. సాటా ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ వాడే కనెక్షన్‌కే తగిలే రకం) ఇదే పనిని సెకనుకు వేలల్లో చేస్తుంది. కంప్యూటర్ ఆన్ కావడం, బ్రౌజర్ తెరుచుకోవడం, అప్‌డేట్లు ఎక్కడం, అన్నిటిలో జరిగేది ఇలా చిన్న చిన్న ఫైళ్లను చదవడమే. అందుకే సెకనుకు 550 ఎంబీ దాటని సాటా డ్రైవ్ పెట్టినా పాత ల్యాప్‌టాప్‌కు ప్రాణం లేచొస్తుంది. ధర కొంత ఎక్కువైందనిపిస్తే 500 జీబీతో సరిపెట్టుకుని, సినిమాలు, ఫొటోలు పాత డిస్క్ మీదే ఉంచుకోవచ్చు.

ఇప్పటికే పీసీఐఈ 3.0 ఎన్‌వీఎంఈ డ్రైవ్ (సాటా కంటే వేగమైన దారిలో మదర్‌బోర్డుకు కలిసే ఎస్ఎస్‌డీ; 3.0, 4.0, 5.0 ఆ దారి తరాలు) ఉండి, కొత్త తరం వేగం మీద మనసు పడ్డవారి సంగతి వేరు. వీరు నిశ్చింతగా ఆగొచ్చు. అట్టపెట్టె మీద రాసే 3,500, 7,000, 14,000 ఎంబీ అంకెలు పెద్ద ఫైలును ఏకబిగిన చదివేటప్పటివి. ఒక్కొక్కటిగా 4 కేబీ చిన్న ముక్కలను చదివేటప్పుడు మంచి ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లన్నీ సెకనుకు 60 నుంచి 90 ఎంబీ దగ్గరే తచ్చాడతాయి. రోజువారీ పనిలో చేతికి తెలిసేది ఈ అంకె. పైగా స్లాట్ పీసీఐఈ 3.0 అయితే 7,000 ఎంబీ డ్రైవ్ పెట్టినా 3,500 దగ్గరే ఆగిపోతుంది. 5.0 డ్రైవ్‌లలో తొలి తరానివైతే మరీ వేడెక్కుతాయి, వేడిని లాగే హీట్‌సింక్ లేకపోతే తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. రోజూ వందల జీబీల వీడియో ఫైళ్లను ఒక డ్రైవ్ నుంచి మరో డ్రైవ్‌కు మోసేవారికి తప్ప ఆ ఖర్చు గిట్టదు.

డ్రైవ్ నిండిపోయినవారిది మధ్య దారి. టీఎల్‌సీ, క్యూఎల్‌సీ డ్రైవ్‌లు (ఒక్కో మెమరీ గదిలో వరుసగా 3, 4 బిట్లు దాచేవి) ఖాళీ జాగాలో కొంత భాగాన్ని ఎస్ఎల్‌సీ క్యాష్‌గా, అంటే గదికి ఒక్క బిట్టే వేగంగా రాసే తాత్కాలిక చోటుగా వాడుకుంటాయి. జాగా తరిగేకొద్దీ క్యాష్ కూడా చిన్నదవుతుంది. అది నిండాక కొన్ని క్యూఎల్‌సీ డ్రైవ్‌ల రాత వేగం హార్డ్ డిస్క్ కంటే కిందికి పడిపోతుంది. ముందు 15 నుంచి 20 శాతం ఖాళీ చేసి చూడండి. మందగింపు పోతే మరికొన్నాళ్లు నెట్టుకురావచ్చు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో హార్డ్ డిస్క్‌కు 05, సీ5 వరుసల్లోని అంకెలు (డిస్క్‌లో పాడైన, పాడైనట్టు అనుమానమున్న చోట్ల లెక్క) వారం వారం పెరుగుతుంటే మాత్రం ధరల గురించి ఆలోచించే సమయం దాటిపోయినట్టే. ఆ రోజే బ్యాకప్ తీసి కొత్తది కొనాలి.

ధరలు పెరిగే కాలంలో పెట్టెలోపలి సరుకు మారిపోతుంటుంది, నన్నడిగితే ధర కంటే దీనికే ఎక్కువ జంకాలి. 2021లో క్రూషియల్ పీ2 అదే పేరుతో టీఎల్‌సీ నుంచి క్యూఎల్‌సీకి మారిన సంగతిని సమీక్షకులు బయటపెట్టారు. పాత సమీక్ష చదివి కొంటే ఇదే చిక్కు. టీబీడబ్ల్యూ అంకె (వారంటీ ప్రకారం మొత్తం ఎన్ని టీబీలు రాయొచ్చో చెప్పేది) చూస్తే కొంత ఆచూకీ దొరుకుతుంది. 1 టీబీలో శామ్‌సంగ్ 990 ప్రోకు అది 600, క్యూఎల్‌సీ రకమైన 870 క్యూవీఓకు 360. 600 అంటే 5 ఏళ్లపాటు రోజుకు దాదాపు 329 జీబీ రాయడం, ఇంటి వాడకానికి అది చాలా ఎక్కువే. పిండి కొద్దీ రొట్టె అన్నట్టు, విండోస్ ఉండే డ్రైవ్‌కు 2 టీబీ క్యూఎల్‌సీ కంటే 1 టీబీ టీఎల్‌సీ మేలు. డ్రామ్ (ఏ డేటా ఎక్కడుందో గుర్తుపెట్టుకునే చిన్న మెమరీ చిప్) లేని ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లు కంప్యూటర్ ర్యామ్‌లో కాస్త అరువు తెచ్చుకుని నెట్టుకొస్తాయి. సాటాకు ఆ సదుపాయం లేదు, అందుకే అక్కడ డ్రామ్ ఉన్నదే తీసుకోవాలి. ఎం.2 స్లాట్ (కార్డులా ఉండే ఎస్ఎస్‌డీని గుచ్చే చోటు) చూడటానికి ఒకేలా ఉన్నా కొన్ని సాటాకే పనిచేస్తాయి. కార్డు పొడవు 80 మిల్లీమీటర్లా, 42ఆ, 30ఆ అన్నది కూడా మాన్యువల్‌లో చూసుకున్నాకే ఆర్డర్ పెట్టాలి.

రేపు ఇంకా పెరుగుతుందన్న భయంతో రెండు కొని ఒకటి బీరువాలో దాచడం తెలివైన పని కాదు. వారంటీ గడియారం కొన్న రోజే మొదలవుతుంది, వాడినా వాడకపోయినా.

కొన్నాక వాపసు గడువు ముగిసేలోపు విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌లో ఎఫ్3 అనే పరీక్ష ప్రోగ్రామ్‌తో డ్రైవ్‌ను చివరి బైటు వరకు నింపి, తిరిగి చదివించండి. 1 టీబీ డ్రైవ్‌ను విండోస్ 931 జీబీగా చూపితే కంగారు పడనక్కర్లేదు, అది లెక్కగట్టే పద్ధతిలోని తేడా మాత్రమే. కొంతదూరం బాగానే రాసి, తిరిగి చదివేటప్పుడు తప్పులు కుప్పలుగా వస్తే లోపల అంత చిప్ లేదని అర్థం. విండోస్ ఎక్కించకముందే వెనక్కి పంపేయండి.