తారురోడ్డు మీద నేర్చిన పరుగు గుట్ట దిగదు

హైదరాబాద్‌లో పరుగు శిక్షణ అనగానే నెక్లెస్ రోడ్డు, కేబీఆర్ పార్కు చుట్టూ ఉన్న నడకదారి గుర్తుకొస్తాయి. ఆగస్టు మారథాన్ కోసం ఫ్లైఓవర్లు ఎక్కి దిగే సాధన కూడా ఈ నగరానికి కొత్త కాదు. అదే సాధనతో తయారైనవారు ఇప్పుడు గుట్టల్లో, మట్టిదారుల్లో సాగే 50, 100 కిలోమీటర్ల ట్రైల్ అల్ట్రాలకు పేర్లు నమోదు చేసుకుంటున్నారు. మారథాన్ దూరమైన 42.195 కిలోమీటర్లు దాటిన ప్రతి పరుగూ అల్ట్రాయే కాబట్టి మారథాన్ శిక్షణను కాస్త సాగదీస్తే చాలన్న భ్రమ ఇక్కడే మొదలవుతోంది.

గుట్ట ఎక్కడం ఊపిరికి పరీక్ష అయితే, దిగడం తొడలకు పరీక్ష. దిగేటప్పుడు తొడ ముందుభాగపు కండరం ఒకవైపు సాగుతూనే మరోవైపు శరీర భారాన్ని ఆపవలసి ఉంటుంది. ఆ పనికి అలవాటుపడని కండరం లోలోపల దెబ్బతిని, మర్నాడు ఇంటి మెట్లు దిగడమే గగనమవుతుంది. అయితే ఒకసారి ఆ నొప్పిని చవిచూసిన కండరం కొన్ని వారాల తర్వాత అదే దిగుడును చాలా తక్కువ నష్టంతో తట్టుకుంటుంది. చదునైన తారు మీద వారానికి ఎన్ని కిలోమీటర్లు పరుగెత్తినా ఈ తర్ఫీదు దక్కదు. కదిలే రాళ్ల మీద పాదం ఎక్కడ ఆనించాలో, తలకు కట్టుకున్న దీపపు వెలుగులో బండ నీడకూ గుంతకూ తేడా ఎలా పసిగట్టాలో శిక్షకుడు మాటల్లో చెప్పలేడు, నేల మీదికి తీసుకువెళ్లవలసిందే. ఫ్రాన్స్‌లోని షామొనీలో 2003 నుంచి జరుగుతున్న యూటీఎంబీ అనే ప్రసిద్ధ ట్రైల్ పోటీలో దూరం సుమారు 170 కిలోమీటర్లు, ఎక్కవలసిన ఎత్తు మొత్తం కలిపి సుమారు 10,000 మీటర్లు. ఈ రెండో అంకెను పక్కన పెట్టి మొదటిదాన్ని మాత్రమే చూసి వేసే సాధన పట్టిక చిత్తుకాగితంతో సమానం.

నేలను తెలుసుకోవాలన్న ఈ మాట పోటీ నిర్వాహకులకూ వర్తిస్తుంది. 2021 మే 22న చైనాలోని గాన్సు రాష్ట్రంలో జరిగిన 100 కిలోమీటర్ల పోటీలో కొండమీద హఠాత్తుగా విరుచుకుపడిన చలిగాలికీ వడగళ్లకూ 21 మంది పరుగరులు ప్రాణాలు కోల్పోయారు. తప్పనిసరిగా వెంట ఉంచుకోవలసిన వస్తువుల జాబితాలో గాలిని ఆపే కోటు లేదు. ఆ రోజు ఆరుగురిని కాపాడినది ఒక గొర్రెల కాపరి. ఏ మలుపులో గుహ ఉందో అతనికి తెలుసు. మన దగ్గర మంచుచలి లేకపోవచ్చు, ఎండదెబ్బా పిడుగూ ఉన్నాయి. ఒక్కో చోటు దాటడానికి పెట్టే కటాఫ్ సమయాలు, చివరి పరుగరి వెనుక నడిచే స్వీపర్లు, చెక్‌పాయింట్ల దగ్గర వైద్యులు, ఇవన్నీ అవసరమే. కానీ వికారాబాద్ దగ్గరి అనంతగిరి గుట్టల్లో పోటీ పెట్టేవారు ముందుగా పిలవవలసింది ఆ ఊళ్ల పశువుల కాపరులనే.

జిమ్‌లో ట్రెడ్‌మిల్ వాలు పెంచి, అపార్ట్‌మెంట్ మెట్లెక్కి తయారైనవారు కూడా పోటీలు పూర్తి చేశారని కొందరు వాదిస్తారు. నిజమే. పూర్తి చేసినవారే వచ్చి చెబుతారు, మధ్యలో మోకాలు పట్టుకుని కూర్చున్నవారు చెప్పరు.

అసలు సాధన చేద్దామన్నా గుట్ట ఎక్కడుంది? సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ మీద కూర్చున్న ఈ నగరం ఆ రాళ్లనే పేల్చి అంతస్తులు లేపుతోంది. ఖాజాగూడ గుట్టల్లో మిగిలిన దారుల పక్కనే అపార్ట్‌మెంట్లు నిలబడ్డాయి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ 10 కిలోమీటర్ల మేర నిర్మాణాలను కట్టడి చేసిన 1996 నాటి 111 జీవో ఆంక్షలను ఎత్తివేస్తూ 2022లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీద యంత్రాలు నడిచినప్పుడు, 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుంటే గానీ చెట్ల నరికివేత ఆగలేదు. కంచ అంటే పశువులు మేసే నేల. కాపరికి దారులు తెలిసేది అలాంటి చోటే.

అందుకే, అనంతగిరిలో ఒక్కరోజు పోటీ కోసం అనుమతి అడిగే నిర్వాహకులూ, వారికి పరుగరులను పంపే శిక్షకులూ, నగరంలో మిగిలిన గుట్టల కోసం కూడా అర్జీ పట్టుకుని అవే కార్యాలయాల మెట్లు ఎక్కాలి.