బ్రహ్మానందం గొంతు, కదలని ముఖం

(మేనత్త లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. మేనకోడలు హైదరాబాదులో ఒక గ్రాఫిక్స్ స్టూడియోలో రిగ్గింగ్ చేస్తుంది; యానిమేషన్ పాత్రకు లోపల ఎముకల గూడు కట్టి, ముఖంలో ఏది ఎంతవరకు కదలాలో అమర్చడం ఆమె పని. 2019లో వచ్చిన 'ది లయన్ కింగ్'ను తెలుగులో ఇంటిల్లిపాదీ మరోసారి చూసిన తరువాత జరిగిన వాదన ఇది.)

అత్తయ్య: సినిమా నడుస్తున్నంత సేపూ నిట్టూరుస్తూనే కూర్చున్నావు. ఆ గడ్డి ఊగడం, జూలులో ఒక్కొక్క వెంట్రుకా కదలడం చూస్తుంటే కెమెరా పట్టుకుని అడవిలోకి వెళ్లి తీసుకొచ్చినట్టే ఉంది. ఇందులో నీకు నచ్చనిదేమిటి?

మేనకోడలు: నాకు నచ్చనిది సరిగ్గా అదే, అత్తయ్యా. ఆ సినిమాలో నిజంగా కెమెరాతో తీసిన షాటు ఒక్కటే ఉందని, అది మొదట్లో వచ్చే సూర్యోదయమని దర్శకుడు జాన్ ఫావ్రోనే చెప్పాడు. మిగతాదంతా కంప్యూటరులో పుట్టిందే అయినా, ఆ ఒక్క షాటు ఏదో ఎవరూ పట్టుకోలేకపోవడమే వాళ్లకు గొప్ప అనిపించింది. ఇప్పుడు ఇదే కథను 1994లో చేతితో గీసిన సినిమాలోని విలన్ సింహం స్కార్‌ను గుర్తు తెచ్చుకోండి. ఆ పాత్రకు గొంతునిచ్చిన జెరెమీ ఐరన్స్ ముఖ కవళికలను గమనించి, ఆండ్రియాస్ డేజా అనే యానిమేటర్ వాటిని సింహం ముఖంలోకి దించాడు. ఒక కనుబొమ లేస్తుంది, మూతి ఒక పక్కకు వంకర పోతుంది, మాట ఇంకా మొదలుకాకముందే వాడి మనసులో కుట్ర ఉందని పసిపిల్లలకు కూడా తెలిసిపోతుంది. అసలు సింహానికి అలాంటి కనుబొమలుండవు. 2019లో సింహాన్ని సింహంలాగే చూపాలని పట్టుబట్టారు గనుక కనుబొమలు పోయాయి, వాటితోపాటే కుట్ర కూడా పోయింది. ఇక మన డబ్బింగ్ చూడండి. పుంబా అనే అడవిపందికి బ్రహ్మానందం, దాని నేస్తం టిమోన్‌కు అలీ గొంతు ఇచ్చారు. బ్రహ్మానందం అనగానే తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది ఆయన ముఖం. ఒక్క మాటా లేకుండా కళ్లు అటూ ఇటూ తిప్పి హాలంతటినీ నవ్వించగల ముఖం. ఆయన గొంతును తెచ్చి, ఏ భావమూ పలకని అడవిపంది నోట్లో పెట్టారు.

అత్తయ్య: పెట్టినా నవ్వు వచ్చిందిగా. పుంబా నోరు విప్పినప్పుడల్లా మన బుజ్జిది పగలబడి నవ్వింది. ఆ సినిమా ప్రపంచమంతటా 160 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. అంతమందికి అడ్డురాని లోపం నీకొక్కదానికే అడ్డొచ్చిందా?

మేనకోడలు: ఆ టికెట్లలో ఎక్కువ భాగం 1994 సినిమా మీద ప్రేమతో కొన్నవని నా నమ్మకం. పాత అప్పును కొత్త సినిమా వసూలు చేసుకుంది.

అత్తయ్య: నమ్మకం లెక్క కాదు, తల్లీ. సరే, నీ పాత సినిమాల సంగతే చూద్దాం. 1937లో డిస్నీ తీసిన 'స్నో వైట్' కోసం ఒక నాట్యం చేసే అమ్మాయిని ముందుగా ఫిల్ము మీద తీసి, దాన్ని ఆధారంగా పెట్టుకుని గీశారని నువ్వే చెప్పావు. 1942 నాటి 'బాంబి' కోసం స్టూడియోలోకి జింకపిల్లలను తెచ్చి కట్టేశారన్నావు. 1994 సినిమాలోనే అడవిదున్నల తొక్కిసలాట కంప్యూటరుతో చేసినదే. నిజాన్ని నకలు చేయాలన్న ఆశ మొదటినుంచీ ఉన్నదే. అప్పుడు చేతకాలేదు, ఇప్పుడు చేతనైంది. చేతకానితనాన్ని కళ అని పిలవడం ఎందుకు?

మేనకోడలు: దెబ్బ గట్టిగానే కొట్టారు. వాళ్లు నిజాన్ని వెతికారన్నది అబద్ధం కాదు. అయితే వెతికి తెచ్చినదాన్ని ఏం చేశారో కూడా చూడాలి. జింకపిల్లల ఎముకలు, నడక, కాళ్లు మడిచే తీరు అన్నీ నేర్చుకున్నారు. ముఖం దగ్గరికి వచ్చేసరికి జింకను వదిలేసి, పసిపిల్లల ముఖాల్లోని భావాలను తెచ్చి అక్కడ అమర్చారు. అడవినైతే ఆకు ఆకునా గీయలేదు. టైరస్ వాంగ్ అనే చిత్రకారుడు పాత చైనా ప్రకృతి చిత్రాల పద్ధతిలో, నాలుగు లేత రంగుల మధ్య రెండు చెట్ల మొదళ్లు మాత్రం తేల్చి, మిగతాది మంచుకు వదిలేశాడు. తల్లి చనిపోయేటప్పుడు మనకు వినపడేది తుపాకీ చప్పుడు ఒక్కటే, శవం కనపడదు. పిల్లజింక మంచులో పిలుచుకుంటూ తిరుగుతుంది, ఆ మంచు తెరలోంచి తండ్రి వచ్చి నిలబడతాడు. ఆ సన్నివేశాన్ని వెంట్రుక వెంట్రుకతో, రక్తపు చుక్కతో సహా తీసి చూపించండి, ఆ దుఃఖం ఉంటుందేమో చూద్దాం. దున్నల మందను కంప్యూటరు చేసిన మాట నిజమే గానీ, ఆ మంద మధ్యలో పిల్లసింహం సింబా ముఖంలోని భయాన్ని మాత్రం చెయ్యే గీసింది. నా గొడవ కంప్యూటరుతో కాదు. ఫోటోగా చెలామణీ కావాలన్న యావతో.

అత్తయ్య: అలా అయితే నాకు అన్నిటికన్నా ఇష్టమైన 'అప్' నీ వాదానికి అడ్డు కాదా? 2009 సినిమా, పూర్తిగా కంప్యూటరుతో చేసినది. మొదట్లో ఆ మొగుడూ పెళ్లాల కాపురమంతా మాట లేకుండా నాలుగైదు నిమిషాల్లో చెప్పేస్తారు, చివర ఆమె చనిపోతుంది. మీ మామయ్య పోయిన తరువాత అది నేను మళ్లీ చూడలేకపోయాను.

మేనకోడలు: అది నాకూ ప్రాణమే, కానీ అడ్డు కాదు, సాక్ష్యం. అందులో కార్ల్ తలను చదరంగా, ఎల్లీని గుండ్రంగా దిద్దారు. ఆయన కూర్చునే కుర్చీ చదరం, ఆమె కుర్చీ గుండ్రం. అంత పెద్ద చదరపు తల ఉన్న ముసలాయన లోకంలో ఎక్కడా ఉండడు. 1995లో వచ్చిన 'టాయ్ స్టోరీ' కూడా అంతే. పూర్తిగా కంప్యూటరుతో తీసిన మొదటి పెద్ద సినిమాకు ప్లాస్టిక్ బొమ్మల కథను ఎంచుకోవడం వాళ్ల తెలివి, ఎందుకంటే అప్పటి కంప్యూటరుకు ప్లాస్టిక్ మెరుపు బాగా వచ్చు, మనిషి చర్మం రాదు. 2018 నాటి 'స్పైడర్‌మ్యాన్: ఇంటు ద స్పైడర్‌వర్స్' చూడండి. సెకనుకు 24 ఫ్రేములుంటే, ఇంకా పని నేర్చుకోని మైల్స్ అనే కుర్రాడి భంగిమను చాలా చోట్ల రెండు ఫ్రేములకొకసారి మాత్రమే మార్చారు. పక్కనే ఊగుతున్న ఆరితేరినవాడు సాఫీగా కదులుతుంటాడు, వీడు తడబడుతుంటాడు. చేతకానితనాన్ని కదలికలోనే చెప్పడం ఫోటోతో అయ్యే పని కాదు.

అత్తయ్య: మరి పాతవాటిలో నిన్ను నిరాశపరిచినవి ఒక్కటీ లేవా? 1959 నాటి 'స్లీపింగ్ బ్యూటీ'లో కథానాయిక పని నిద్రపోవడం. 'స్నో వైట్'లో ఊడవడం, వండడం, ముద్దు కోసం ఎదురుచూడడం. నేను ఆడపిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. ఆ రంగులకు ముచ్చటపడి ఈ బుద్ధులను మింగలేను.

మేనకోడలు: నేనూ మింగలేదు. 'స్లీపింగ్ బ్యూటీ'లో ఐవిండ్ అర్ల్ వేసిన చెట్లను చూస్తాను, ఆ అమ్మాయిని వదిలేస్తాను. 1973 'రాబిన్ హుడ్' అంతకన్నా నిరాశ. అందులో నాట్యాన్ని 'స్నో వైట్' నాట్యం బొమ్మల మీదే మళ్లీ గీశారు. చేతితో గీసినంత మాత్రాన బద్ధకం పోదు.

అత్తయ్య: ఇప్పుడు దారికొచ్చావు. ఇంకో మాట. తెలుగులో జగపతిబాబు స్కార్‌కు, నాని సింబాకు చెప్పారు గనుకనే మన జనం వెళ్లారు. 2024లో సింబా తండ్రి కథగా వచ్చిన 'ముఫాసా'కు మహేష్ బాబు చెప్పారు, మళ్లీ వెళ్లారు. ముఖం కదలకపోయినా గొంతు లాక్కుపోయింది.

మేనకోడలు: ఆ లాగడమే నాకు కంటగింపు. 2019లో ముఫాసాకు చెప్పిన రవిశంకర్ ఏళ్ల తరబడి డబ్బింగే వృత్తిగా బతికినవాడు. ఆయన పలికినప్పుడు మాత్రమే సింహం గొంతు గుండెలోంచి వచ్చింది. తరువాతి సినిమాకు స్టారు కావలసి వచ్చాడు.

అత్తయ్య: స్టారు గొంతు బాగోలేదంటావా?

మేనకోడలు: బాగుంది. వింటున్నంత సేపూ నాకు మహేష్ బాబే కనపడ్డాడు, సింహం కనపడలేదు.

అత్తయ్య: కొంచెం ముందు బ్రహ్మానందం కనపడలేదని ఏడ్చావు, ఇప్పుడు మహేష్ కనపడ్డాడని ఏడుస్తున్నావు. ఏదో ఒకటి తేల్చుకో. ఆ సంగతి అలా ఉంచి, 2025లో వచ్చిన 'మహావతార్ నరసింహ' గురించి చెప్పు. నడకల్లో బరువు లేదని, బట్టలు రేకుల్లా ఉన్నాయని నువ్వే పెదవి విరిచావు. నేను వెళ్లిన హాలులో స్తంభం పగిలే వేళకు జనం చేతులు జోడించారు. అక్కడ నీ గీత, నీ కనుబొమ ఏమయ్యాయి?

మేనకోడలు: "ఇందుగలడందు లేడని సందేహము వలదు" అని పోతన పద్యం చదువుకున్న జనం, అత్తయ్యా. సగం సినిమాను వాళ్లే ఇంటినుంచి తెచ్చుకున్నారు. అయినా ఆ నరసింహుణ్ణి నేను తప్పుపట్టను. మనిషీ సింహమూ కలిసిన ఆ ముఖానికి ఫోటో ఎక్కడా దొరకదు గనుక, అక్కడ ఊహించక తప్పలేదు, అక్కడే సినిమా లేచి నిలబడింది. దాని పక్కన 2014 నాటి 'విక్రమసింహ'ను పెట్టండి. రజనీకాంత్ కదలికలను మోషన్ క్యాప్చరుతో పట్టి, ఆయన్నే మళ్లీ చేయబోయి, కళ్లలో ప్రాణం లేని రజనీకాంత్‌ను తెచ్చారు. నాకు ఇష్టమైనది వేరే ఉంది. యుగో సాకో అనే జపాన్ ఆయనా, మన రామ్ మోహన్ కలిసి 1992లో పూర్తి చేసిన రామాయణం. అందులో గీతలు తక్కువ, నిలకడ ఎక్కువ. అప్పట్లో మన హాళ్లకు సరిగా రాలేదు, టీవీలో చూసి పెరిగాం. 2025 జనవరిలో తెలుగుతో సహా థియేటర్లలోకి వచ్చింది.

అత్తయ్య: అన్నీ బాగానే చెప్పావు. ఇప్పుడు ఆఫీసులో ఏం చేస్తున్నావు?

మేనకోడలు: ఒక పులి ముఖం. క్లయింటు నిజం పులి వీడియో పంపి, అందులో కదలనిదేదీ ఇందులోనూ కదలకూడదన్నాడు.

అత్తయ్య: అలాగే చేస్తున్నావు కదా?

మేనకోడలు: చేస్తున్నాను. జీతం దానికే. రోజంతా అది చేసి వస్తాను గనుకే ఇంటికొచ్చి ఇలా వాదిస్తున్నాను.

అత్తయ్య: అయితే వచ్చే ఆదివారం బుజ్జిదానికి ఆ 1994 సినిమా చూపించు. దానికి ఇంగ్లీషు రాదు, పక్కన కూర్చుని అర్థం చెప్పే పని నీదే.

మేనకోడలు: అక్కర్లేదు. సౌండు తీసేసి చూపిద్దాం. స్కార్ ఎలాంటివాడో అదే చెబుతుంది.

అత్తయ్య: సౌండు తీసేస్తే పాటలు పోతాయి. ఆ షరతుకు నేను ఒప్పుకోను.