రోడ్డు మీది తోతాపురి, పెరట్లోని పందికూర

చిత్తూరు జిల్లా వెలివేసినవాటి జాబితా రాస్తే ముందు రెండు పేర్లు తోతాపురి మామిడి, పందికూర. మొదటిదాన్ని కోస్తాలో కలెక్టర్ మామిడి అంటారు. అంత హోదా ఉండీ 2025 సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల ముందు ట్రాక్టర్లలో పడిగాపులు కాసింది. కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, సర్కారు 4 రూపాయలు అని పెద్దలు తేల్చారు గానీ, కాయకు ఫైలుకున్నంత ఓపిక ఉండదు కదా, మెత్తబడింది.

పందికూర సంగతి ఇంకా ఘోరం. కొనేటప్పుడు నల్ల కవరు. వండేటప్పుడు పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి, వేరే చట్టి, వేరే గంటె. తిన్నాక పక్కింటికి చెప్పే పేరు మటన్. జిల్లా మూడుగా చీలింది 2022 ఏప్రిల్ 4న. పందికూర తినే ఇళ్ళలో వంటిల్లు అంతకు ఎన్నో ఏళ్ళ ముందే చీలింది.

ఈ ఇద్దరినీ ఒకే బాండ్లిలో, ఒకే వేపుడుగా కూర్చోబెట్టాలని ప్రజాప్రయోజనం దృష్ట్యా ప్రతిపాదిస్తున్నాం. లెక్క నలుగురికి. కమిటీ అక్కర్లేదు, కత్తి పదునుగా ఉంటే చాలు.

అర కిలో కూర కావాలి. తోలుతో ఉన్న ముక్కలు కుక్కర్లో పులుసుకు బ్రహ్మాండం, వేపుడికి దండగ. ఐదు నిమిషాల మంటకు తోలు లొంగదు, తినేవాడి దవడ లొంగుతుంది. అంగట్లో తోలు తీసిన తొడకండ అడగండి, పిడికెడు కొవ్వు వేరుగా కట్టించుకోండి. ఇంటికొచ్చాక నలభై నిమిషాలు ఫ్రీజర్లో పెడితే కండ బిగుసుకుని కత్తికి జారదు. నారకు అడ్డంగా, రెండు రూపాయి బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత మందాన కోయాలి. నార పొడవునా కోస్తే ముక్క పంటి కింద తాడవుతుంది. దీనికి చెంచా సోయా సాస్, చిన్న చెంచా కార్న్‌ఫ్లోర్, అర చిన్న చెంచా మిరియాల పొడి, చిన్న చెంచా నూనె పట్టించి ఇరవై నిమిషాలు వదిలేయండి. ఉప్పు వద్దు, సాస్‌లో ఉన్నది చాలు. కార్న్‌ఫ్లోర్ పొర కట్టి ముక్కలోని నీటిని బయటికి పోనివ్వదు.

కాయ దోరగా ఉండాలి. లోపల పసుపు తిరగాలి, కోస్తే మాత్రం కరుక్కుమనాలి. చెక్కు తీసి 200 గ్రాముల ముక్కలు, బొటనవేలి గోరంతవి, చాలు. బాగా పండింది వేస్తే నిమిషంలో గుజ్జవుతుంది. గుజ్జు తీయడానికి జిల్లాలో ఫ్యాక్టరీలున్నాయి, మీ బాండ్లికి ఆ లైసెన్సు లేదు.

సీజన్ అయిపోతే అనాస వాడొచ్చు, కానీ కూరతో కలిపి ఊరబెట్టొద్దు. అందులో బ్రోమెలైన్ అనే ఎంజైమ్ మాంసకృత్తులను తెగ్గొడుతుంది. మటన్‌లో పచ్చి బొప్పాయి వేసే చేతికి ఈ విద్య తెలిసిందే. అయితే అక్కడ లావు ముక్క, ఇక్కడ పల్చటి ముక్క. కాసేపటికే పైపొర పిండిపిండిగా రాలుతుంది. డబ్బా అనాసకు ఈ గొడవ లేదు, నింపి కాచేటప్పుడే ఎంజైమ్ చచ్చిపోతుంది.

ఇక మంట. హోటల్ పొయ్యి వేడి ఇంటి స్టవ్వుకు రాదు. అందుకని ఇనుప బాండ్లి పొగ వచ్చేదాకా కాచి, కొవ్వు ముక్కలు కరిగించి, కరకరలాడే తునకలు పక్కకు తీసి, ఆ కరిగిన కొవ్వులోనే కూరను రెండు వాయిలుగా వేయాలి. అంతా ఒకేసారి కుమ్మరిస్తే, దామలచెరువు మామిడి మండీకి ట్రాక్టర్లన్నీ ఒక్కరోజే వచ్చినట్టు. అక్కడ ధర పడిపోతుంది, ఇక్కడ వేడి పడిపోతుంది. నీళ్ళూరి కూర ఉడుకుతుంది, బూడిద రంగుకు తిరుగుతుంది, వేగదు. మొదటి నిమిషం గంటె పెట్టకండి, అడుగు ఎర్రబడనివ్వండి. తర్వాత రెండు నిమిషాలు తిప్పుతూ వేయించండి.

ఈ ఒక్కచోట వ్యంగ్యానికి సెలవు. అన్నిటికంటే లావు ముక్క తీసి కోసి చూడండి. లోపల గులాబీ రంగు కనిపిస్తే ఇంకా వేగాలి. సరిగా ఉడకని పందికూర వల్ల బద్దెపురుగు రావచ్చు. థర్మామీటరు ఉంటే ముక్క లోపల 71 డిగ్రీల సెల్సియస్ చూపాలి.

కూర తీసి పక్కన పెట్టి, అదే బాండ్లిలో ఆరు తెల్లగడ్డ రెబ్బలు, అంగుళం అల్లం, నాలుగు పచ్చిమిరపకాయలు, పెద్ద ఎర్రగడ్డ, ఒక కాప్సికం. రెండు నిమిషాలు. కూర మళ్ళీ లోపలికి, దాని వెనకే మామిడి, ఇంకో నిమిషం. చివర్లో, అచ్చంగా చివర్లోనే, ముందే కలిపి ఉంచిన పులుసు: చెంచా సోయా సాస్, చెంచా బెల్లం తురుము, చిన్న చెంచా కారం, మూడు చెంచాల నీళ్ళు, అర చిన్న చెంచా కార్న్‌ఫ్లోర్. వెనిగర్ రెండు చిన్న చెంచాలు, అదీ కాయ రుచి చూశాకే. కాయ పుల్లగా ఉంటే అసలు వద్దు. అర నిమిషంలో చిక్కబడి ముక్కకు పట్టుకుంటుంది, దించేయండి. తొందరపడి ముందే పోస్తే బెల్లం మాడి చేదెక్కుతుంది, నింద పంది మీద పడుతుంది. అలవాటే కదా దానికి.

అన్నంలోకి బాగుంటుంది. వేడి సంగటిలోకి అంతకంటే బాగుంటుంది, ఈ విషయంలో జిల్లాలో చర్చకు తావు లేదు. వాసనకు పక్కింటివాళ్ళు గోడ దగ్గరికొచ్చి ఏం వండినారని అడిగితే, మామిడికాయ వేపుడు అనండి. 200 గ్రాముల మేరకు అది నిజమే.