పురిటికెళ్లే అమ్మాయితో రిపోర్టూ వెళ్లాలి

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తొలి కాన్పంటే పుట్టింట్లోనే. బొబ్బిలిలో కాపురముంటున్న అమ్మాయిని ఏడో నెలలో సీమంతం చేసి టెక్కలి తీసుకెళ్లిపోతారు, అది మన పద్ధతి, అందులో తప్పేం లేదు. కానీ బొబ్బిలిలో మూడో నెలలో చేసిన రక్తపరీక్షలో హెపటైటిస్ బి (లివర్‌ని దెబ్బతీసే వైరస్) పాజిటివ్ అని వచ్చుంటే ఆ సంగతి టెక్కలి లేబర్ రూమ్‌లో నర్సమ్మకి ఎవరు చెప్తారు? కార్డు అత్తారింటి బీరువాలో ఉండిపోతే ఎవరూ చెప్పరు.

అక్కడ టైమే మందు. బిడ్డ పుట్టిన 24 గంటల్లో టీకా పడాలి, తల్లికి పాజిటివ్ అయితే 12 గంటల్లోపు ఇంకో తొడకి ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ని వెంటనే అడ్డుకునే తయారు యాంటీబాడీలు) ఇంజెక్షన్ కూడా వెయ్యాలి, తర్వాత 6, 10, 14 వారాలకి పెంటావలెంట్ (హెపటైటిస్ బి కూడా కలిసుండే ఐదు జబ్బుల టీకా). పెద్దాళ్లకి ఈ వైరస్ అంటితే నూటికి 95 మందికి పైగా వదిలించుకుంటారు, అదే పురిట్లో బిడ్డకి అంటితే నూటికి 90 మందికి జీవితాంతం ఉండిపోతుంది, ముప్పై నలభై ఏళ్లొచ్చేసరికి లివర్ పాడైపోవడం, క్యాన్సర్ దాకా వెళ్లొచ్చు. తల్లికి వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, మిల్లీలీటరుకి 2 లక్షల యూనిట్లు దాటితే 28వ వారం నుంచి వైరస్‌ని తగ్గించే టెనోఫోవిర్ మాత్రలు కూడా మొదలెట్టాలి. చూడండి, అది సరిగ్గా ఆమె ఊరు మారే నెల.

ఇక రిపోర్టు దాచెయ్యడానికి కారణం భయం. పాజిటివ్ అనగానే అత్తారు ఆ పిల్లని అదోలా చూస్తారు, ఇది మాకు చాలా బాధగా ఉంది. ఆమెకి పుట్టినప్పుడే వాళ్లమ్మ నుంచి వచ్చుండొచ్చు, మొగుడి నుంచి వచ్చుండొచ్చు, సరిగ్గా ఉడకబెట్టని సూదితో వేసిన ఇంజెక్షన్, జాతరలో అందరికీ ఒకే సూదితో పొడిచిన పచ్చబొట్టు, ఇంట్లో అందరూ వాడే రేజర్, ఏదైనా కావొచ్చు, ఎండిన రక్తపు మరకలో కూడా ఈ వైరస్ ఏడు రోజులు బతుకుతుంది. కిడ్నీ జబ్బులెక్కువున్న మన ఉద్దానంలో డయాలసిస్ మీదున్నవాళ్లకీ ఈ ముప్పు ఎక్కువే, అలాంటి ఇళ్లల్లో గర్భిణి ఉంటే ఇంకాస్త జాగ్రత్త పడాలి. దేశమంతటా పిల్లలకి ఈ టీకా 2011 తర్వాతే అందింది, ఇప్పుడు కంటున్న అమ్మాయిలంతా దాదాపు అంతకుముందు పుట్టినవాళ్లే. కలిసి తింటే రాదు, చంటిబిడ్డకి పాలిస్తే రాదు. కామెర్లు కనపడలేదు కదా అని ఊరుకోకండి, చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. కనపడితే పసరు మందుకి పరిగెత్తకండి.

2018 నుంచి జాతీయ కార్యక్రమం కింద గర్భిణులకి పరీక్ష, మందులు ఫ్రీ. మేం అడిగేది పెద్ద బడ్జెట్ కాదు. తల్లీబిడ్డల కార్డు మొదటి పేజీలోనే ఫలితం రాయండి, పుట్టింటికి బయల్దేరే ముందు ఇక్కడి ఏఎన్ఎం అక్కడి ఏఎన్ఎంకి ఫోన్ చెయ్యాలి, ప్రతి నెలా 9వ తేదీ గర్భిణుల చెకప్‌లో భర్తనీ పిలిచి పరీక్ష చెయ్యాలి, నెగటివ్ వస్తే టీకా వెయ్యాలి. కాన్పులు చేసే ప్రతి ఆసుపత్రిలో, ప్రైవేటైనా సరే, ఆదివారం రాత్రయినా బిడ్డకి వేసే ఆ రెండు ఇంజెక్షన్లూ, టీకా, ఇమ్యునోగ్లోబులిన్, ఫ్రిజ్‌లో ఉండాలి. ఉన్నాయో లేదో రెండు జిల్లాల వైద్యాధికారులు ఈ వారమే ఫ్రిజ్‌లు తెరిపించి చూడాలి.