చెక్ రైడ్ గారికి కుడి సీటు విన్నపం

మహారాజశ్రీ చెక్ రైడ్ గారికి, కోపైలట్ కూర్చునే కుడి సీటు నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి.

పైలట్ల పనితనం చూసే పరీక్షగా ఆరు నెలలకోసారి తమరు సిమ్యులేటర్‌లో, అంటే నేల మీది నకిలీ కాక్‌పిట్‌లో, వేంచేస్తారు. ఆ రోజు ఎడమ సీటు వారి, అంటే కెప్టెన్ గారి, మర్యాద చూసి తీరాలి. పెళ్లిచూపుల నాటి ఇల్లే ఆ కాక్‌పిట్. ‘నీకేమనిపిస్తోంది? నేనేమైనా మరచిపోయానా?’ అని కెప్టెన్ గారు నన్నే అడుగుతారు. వెనక కుర్చీలో ఎగ్జామినర్ ఉన్నారు మరి! ఆయన వేలు తగలగానే ఇంజిన్‌కు నిప్పంటుకుంటుంది. నేను ఇంజిన్ ఆపే లివర్ మీద చేయి వేసి ఆగుతాను. ‘రెండో ఇంజిన్, సరేనా?’ అంటాను. కెప్టెన్ కళ్లారా చూసి ‘సరే’ అన్నాకే లివర్ కదులుతుంది. బాగున్న ఇంజిన్‌ను ఆపేస్తే ఏమవుతుందో 1989లో ఇంగ్లండ్‌లోని కెగ్‌వర్త్ దగ్గర తెలిసింది. 47 మంది పోయారు. కాబట్టి ఈ తంతును నేను వెక్కిరించడం లేదు.

నా బాధ వేరు. తమరు సంతకం పెట్టి వెళ్లిన మర్నాడు అదే కెప్టెన్ గారికి, అదే నేను, ‘వేగం ఎక్కువగా ఉంది సార్’ అంటే, ‘తెలుసు’ అని ఒక్క ముక్క వస్తుంది. అందులో నాకు వినపడేది ‘నోరు మూసుకో’ అని.

కోపైలట్లు నోరు విప్పరని తమరి ఫిర్యాదు. 2010 మే 22న మంగళూరులో విప్పాడు కదండీ! దుబాయ్ నుంచి వచ్చిన విమానం మరీ ఎత్తులో, మరీ వేగంగా దిగుతుంటే కోపైలట్ ‘గో అరౌండ్’ అన్నాడు, అంటే దిగకుండా మళ్లీ పైకి లేపమని. ఒక్కసారి కాదు, మూడుసార్లు. అయినా కెప్టెన్ దించేశాడు. అంతకుముందు కెప్టెన్ పెట్టిన గురక కూడా వాయిస్ రికార్డర్‌కెక్కింది. 158 మంది చనిపోయారు, 8 మంది బతికారు. అతను కంట్రోల్స్ లాక్కోవలసిందని బయట కూర్చున్నవాళ్లు అంటారు. కుడి సీటులో కూర్చున్నవాళ్లెవరూ ఆ మాట అంత తేలిగ్గా అనరు. నోటి మాట వరకైతే తమరి లెక్కలో అతను పాసే.

‘కోపైలట్ సహకారం బాగుంది’ అని రాసుకోవడానికి తమరి కాగితంలో చోటుంది. కెప్టెన్ చెవుల సంగతి ఎక్కడ రాస్తారు?

ఈసారి వచ్చినప్పుడు చిన్న ఉపకారం చేయండి. అంతా సవ్యంగా సాగుతూ, కెప్టెన్ గారికి దిగడమే మేలనిపించే సమయం చూసి, నా చేత ‘గో అరౌండ్’ అనిపించండి. ఎవరన్నా సరే, విమానం పైకి లేవాలన్నదే రూలు. వాదనలు కిందికి దిగాక. నా వైపు చూడకండి. ఆ మాట పడిన తర్వాత ఎడమ సీటు వారి చేయి ఎన్ని సెకన్లకు కదిలిందో గడియారం పెట్టి రాసుకోండి.

ఇట్లు,
విధేయ
కుడి సీటు

తా.క.: ఈ ఉత్తరం రాసింది నేనేనని కెప్టెన్ గారికి చెప్పకండి.