గ్లాసు ఎత్తి తాగండి

ఉద్యోగం ఇంటర్వ్యూ పోతే ఇంకో కంపెనీ ఉంటుంది. నల్లకుంటలోనో చిక్కడపల్లిలోనో ఇంటి ఓనరు గారి ఇంటర్వ్యూ పోతే మాత్రం మళ్లీ ఎండలో టులెట్ బోర్డులు చదువుకుంటూ తిరగడమే. అన్నీ నేర్పే అమీర్‌పేట ఈ ఒక్క కోర్సును ఎందుకు వదిలేసిందో తెలీదు. పిల్లి తన పిల్లల్ని తిప్పేది ఏడిళ్లే. నేను ఎనిమిదో ఇంట్లో ఉన్నాను కాబట్టి ఆ బాధ్యత నేనే తీసుకుంటున్నాను.

చొక్కా ఇస్త్రీదై ఉండాలి, కొత్తది కాకూడదు. కొత్త చొక్కా కనిపిస్తే అద్దె వెయ్యి పెరుగుతుంది. భార్య ఉంటే వెంటబెట్టుకెళ్లండి. లేకపోతే ఊర్నుంచి అమ్మని రప్పించండి. బ్యాచిలర్ ఒక్కడూ గేటు తీస్తే వీధి కుక్కకు కూడా అనుమానమే.

కూర్చోగానే మంచినీళ్లొస్తాయి. మీ దాహం తీర్చడానికి అనుకునేరు, అదే మొదటి ప్రశ్న. గ్లాసు ఎత్తి తాగాలి. అంచు పెదవికి తగిలిందా, ఆంటీ చూపు ఆ గ్లాసు వెంటే వెళ్తుంది. అది వంటింటి సింకులోకి చేరుతుందా, పెరట్లో పంపు దగ్గరే ఆగుతుందా అన్నది ఇక మీ చేతుల్లో ఉండదు.

తర్వాత ఇంటిపేరు. చెప్తారు. దాంతో తేలదు. ‘ఈ ఇంటిపేరు మా వాళ్లలోనూ ఉందే’ అంటారు. ఏ ఊరు? ఊళ్లో ఎటువైపు, రామాలయం వీధేనా? కులం మాత్రం అడగరు, అంత అసభ్యులు కారు. అంటరానితనాన్ని రద్దు చేసిన 17వ అధికరణం 1950 నుంచీ అమల్లో ఉందని రిటైరైన ఓనరు గారికి మీకన్నా బాగా తెలుసు. అందుకే ‘నాన్‌వెజ్ తింటారా?’ అని అడుగుతారు. ఇది కూరల గురించిన ప్రశ్న కాదు.

నేనోసారి నిజాయితీకి పోయి ‘గుడ్లు మాత్రమేనండీ’ అన్నాను. ఆయన కాసేపు ఫ్యాను వైపు చూసి, ‘మా అబ్బాయి అమెరికా నుంచి వచ్చేస్తానంటున్నాడు, పోర్షన్ వాడికే కావాలేమో’ అన్నారు. నేను సందు చివర టీ తాగి వెనక్కొచ్చేసరికి గేటుకి బోర్డు మళ్లీ వేలాడుతోంది.

గండం గట్టెక్కితే అగ్రిమెంటు, పదకొండు నెలలకే. 1908 నాటి చట్టం మొదట ఏడాది మించిన లీజునే రిజిస్టర్ చేయించమంది; మన దగ్గర సవరణ వచ్చాక ఏ లీజైనా చేయించాల్సిందే, అయినా పదకొండు నెలల అలవాటు పోలేదు. మీ మూడు తరాల సంగతీ ఓనరు గారికి తెలియాలి గానీ, మీ సంగతి సర్కారుకు తెలియకూడదు. అడ్వాన్సు రెండు నెలలే అంటే కళ్లకద్దుకుని ఇవ్వండి. బెంగళూరులో మనవాళ్లు పదేసి నెలలది కట్టి చేరినవాళ్లున్నారు.

సంతకాలయ్యాక ఆంటీ మెల్లగా అడుగుతారు: ‘మీ ఇంటికి చుట్టాలెవరూ ఎక్కువ రారు కదా బాబూ? మోటారు పొద్దున అరగంటే వేస్తాం.’

రారని చెప్పండి. అమ్మని మర్నాడే బస్సెక్కించండి.